ఎండ తగలని చోట నలుపు

బిష్కెక్, జూన్ 11

మరీపా, మా బంగారు మరదలా, సలాం.

ముందు నన్ను తిట్టేసెయ్, ఆ తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రేపు రాస్తా, ఎల్లుండి రాస్తా అనుకుంటూనే గడిపేశాను. ఏం చెయ్యను, బత్కెన్ నుంచి ఎండు ఖుబానీల లారీ దిగింది. పుచ్చువీ మంచివీ వేరు చేసేసరికి నా కళ్ళు పుచ్చిపోయాయి. ఇప్పుడు కూడా కొట్లో కూర్చునే ఫోన్లో టైపు చేస్తున్నా. మధ్యలో బేరం వస్తే మాట తెగిపోతుంది, నువ్వే అతికించుకో.

మా సన్నాసి తమ్ముడు రిస్బెక్ పంపిన ఫోటో చూశాను. అబ్బ, ఏం రంగు తేలావే! మందని తోలుకుని జైలో మీదకి, ఆ వేసవి మేత కొండల మీదకి ఎక్కి నెలన్నా కాలేదు, అప్పుడే మొహం పొయ్యిలోంచి తీసిన రొట్టెలా నిగనిగలాడుతోంది. పక్క కొట్టు తొక్తోకన్‌కి చూపించా. "చూడు మా మరదల్ని! కొండగాలి తగిలిన మనిషంటే ఇలా ఉండాలి. నువ్వూ ఉన్నావు ఎందుకు, ఉడకేసిన బంగాళాదుంపలా" అన్నా. అది మూతి తిప్పుకుని, "రంగు సరేలే, పిల్ల చిక్కిపోయింది కదే" అంది. దానికి కుళ్ళు. పొద్దస్తమానం గుర్రాల వెనక తిరిగే మనిషి చిక్కక బలుస్తుందా?

అన్నట్టు, నేను పంపిన కురుత్ మూట అప్పుడే ఖాళీ అయిందట? మీరు కొత్తది ఆరబెట్టుకునేదాకా ఇంటిల్లిపాదికీ వస్తుందని కట్టాను. "అక్కా, మొత్తం మరీపా ఒక్కతే తినేసింది, జేబుల్లో పోసుకుని తిరుగుతోంది" అని రాశాడు వాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఉప్పటి పెరుగుండలే అమ్ముతున్నా గానీ, ఇంత ఇష్టంగా తినేవాళ్ళని నేను చూళ్ళేదు. ఎందుకు తింటున్నావో అడగను. అడగకూడదు. నువ్వూ చెప్పకు, దిష్టి తగులుతుంది. నేనేం అనుకోవట్లేదు. ఊరికే నవ్వుతున్నా, అంతే.

బేరం వచ్చింది. అమ్మ చేతులకి నా ముద్దులు.

నీ వదిన
సాదత్

జైలో, జూన్ 20

వదినా, సలాం.

ఫోన్ సిగ్నల్ అందే గట్టు మీద కూర్చుని రాస్తున్నా. గుర్రం మీదే వచ్చాను, అయినా దిగగానే మీ తమ్ముడు పట్టుకోవాల్సి వచ్చింది. నిరుడు ఇదే గట్టు నడిచి ఎక్కి, పైన నిలబడి పాట కూడా పాడాను. గుర్తుందా, మీకు ఫోన్లో వినిపించా? ఇప్పుడు ఒక ఆడగుర్రం పాలు పితికి రెండోదాని దగ్గరికి వెళ్ళే లోపు కూర్చోవాలనిపిస్తోంది. పొద్దున్నే తిన్నది కడుపులో నిలవట్లేదు. మాంసం వాసనొస్తే బయటికి పరుగు. పరుగంటే పరుగు కాదులెండి, పాకడం.

మీరు అడగలేదు, నేనూ చెప్పట్లేదు. కానీ ఇక్కడ నవ్వుకునే సంగతి ఒకటి చెప్తా. గొర్రెలకి నాకడానికి పెట్టే ఉప్పురాయి ఉంది కదా, కొచ్‌కోర్ గని నుంచి తెచ్చింది. మొన్న దాని పక్కన కూర్చుని ఉన్నా. ఎప్పుడు మొదలెట్టానో నాకే తెలీదు, గొర్రె ఆ వైపు, నేను ఈ వైపు! తల ఎత్తేసరికి అత్తయ్య. తిడుతుందనుకున్నా. ఆవిడేమో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. తన శాలువా తీసి నా భుజాల మీద కప్పి, "నోరు ఏది కోరితే అది తిను తల్లీ, కాదనకూడదు" అంది. ఆ రోజు నుంచి నా టీలో ఉప్పు ఆవిడే వేస్తోంది, చెంచా నిండా. బకెట్టు ముట్టుకోనివ్వదు. ఆరేళ్ళుగా నేను మోసిన నీళ్ళు ఇప్పుడు ఆవిడ మోస్తుంటే సిగ్గుగా ఉంది, బావుంది కూడా. మీకు కాబట్టి చెప్తున్నా.

నెల తప్పి చాలా రోజులైంది. అమ్మో, రాసేశాను. చెరిపేద్దామంటే వేలు రావట్లేదు.

ఒక్కటే వింతగా ఉంది. మొన్న పట్టపగలు, పొగమంచులో తోడేలొచ్చింది. కుక్కలు గోల, మీ తమ్ముడు గుర్రం మీదకి ఒక్క దూకు, అత్తయ్య కూడా ఆ వయసులో కర్ర పట్టుకుని గుడారం లోంచి బాణంలా వచ్చింది. నేను మాత్రం నిలబడ్డ చోటే ఉన్నా. కాళ్ళు నానిన కంబళిలా అయిపోయాయి. భయం కూడా వెయ్యలేదు వదినా. భయపడ్డానికి కూడా ఓపిక లేనట్టు. అత్తయ్య తర్వాత, "పరిగెత్తకపోవడమే మంచిదైంది, ఈ టైములో పరిగెత్తకూడదు" అంది. అలాగే అయ్యుంటుంది.

గొర్రెల మందులు తెచ్చే సాతర్ తన పికప్ మీద ఇటొస్తే ఇంకో మూట కురుత్ పంపండి. బాగా ఉప్పగా ఉన్నది చూసి.

మీ మరీపా

బిష్కెక్, జూలై 2

ఒసేయ్ పిల్లా!

నీ ఉత్తరం కొట్లో చదివి అక్కడే లేచి నిలబడ్డా. తూకం వేస్తున్న వాల్‌నట్లన్నీ కిందపడ్డాయి. తొక్తోకన్ "ఏమైందే, ఎవరు పోయారు?" అంది. "పోవడం కాదే మొద్దూ..." అని ఆపేశా. చెప్పకూడదు కదా. నాలిక కరుచుకుని కూర్చున్నా. నాకు అది ఎంత కష్టమో నీకు తెలుసు.

ఆరేళ్ళు! ఒక్కొక్కళ్ళు ఏమేం అన్నారో నాకు తెలీదనుకున్నావా? పెళ్ళిళ్ళలో ఆ పెద్దత్త నీ వైపు చూసి నిట్టూర్చేది. ఇంక నిట్టూర్చమను.

సరే, వదినగా చెప్తున్నా, బుద్ధిగా విను. దీన్ని అమ్మకి కూడా గట్టిగా చదివి వినిపించు, ఆవిడ కళ్ళకి ఈ చిన్నక్షరాలు ఆనవు. తొక్తోకన్ కోడలికి ఏడో నెల. దానికి కాళ్ళు కుండల్లా వాచి, బీపీ పెరిగి ఆస్పత్రిలో పెట్టారు. "ఉప్పు, ఉప్పు, అంతా ఉప్పు వల్లే" అని డాక్టరు అరిచాడట. నువ్వేమో రాయి నాకుతున్నావు! ఈ రోజు నుంచి ఉప్పు బంద్. టీలో బంద్, కురుత్ బంద్. అమ్మా, వింటున్నావా? అది ఎంత బతిమాలినా ఇవ్వకు. నీకు కోడలంటే జాలెక్కువ, అందుకే చెప్తున్నా.

బదులుగా సాతర్ చేతికి మంచి ఎండు ఖుబానీలు పంపుతున్నా, పెద్దవి, మెత్తవి, నేనే ఏరాను. ఎండుద్రాక్ష కూడా ఉంది. గుప్పిళ్ళ కొద్దీ తిను. రక్తం పడుతుంది.

డాక్టరు సంగతేంటి? నారిన్ దాకా దిగి ఒకసారి చూపించుకోరాదా? అమ్మ "మంద దిగినప్పుడు చూద్దాం, ముందే నలుగురి నోళ్ళలో పడటం ఎందుకు" అంటుందని తెలుసు. నిజమేలే, ఆ దారి గతుకుల్లో పికప్ ఎక్కడం కంటే కదలకుండా ఉండటమే నయం.

పట్టలేని సంతోషంలో
నీ వదిన

జైలో, జూలై 11

వదినా,

దీన్ని నేను గుడారంలో పడుకుని టైపు చేస్తున్నా. మీ తమ్ముడు ఫోన్ పట్టుకుని గట్టెక్కి పంపుతాడు. నాకు గుర్రం ఎక్కడం అవట్లేదు.

మీ ఉత్తరం అత్తయ్యకి మొత్తం చదివాను. ఉప్పు దగ్గరకొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగాను. దాటేసి చదివితే ఎవరికి తెలుస్తుంది? కానీ మీరు మా మంచికే రాశారు, పైగా నా ఒక్కదాని సంగతి కాదు కదా ఇప్పుడు. చదివేశాను. అత్తయ్య మొహం తెల్లబోయింది. "నేనే నా చేత్తో పోశానే ఉప్పు" అని తల పట్టుకుంది. గొర్రెల ఉప్పురాయి కూడా వాగు అవతలికి మార్పించింది. టీ ఇప్పుడు గోరువెచ్చటి పాలు, అంతే. ఖుబానీలు వచ్చాయి, బాగున్నాయి. పక్కన కూర్చుని తినిపిస్తోంది. "ఇంకోటి తిను, సాదత్ ఏరి పంపింది" అంటుంది. తింటున్నా.

నాకు ఉప్పు కలలోకి వస్తోంది. నవ్వకండి. సోన్-కుల్ సరస్సంతా ఉప్పయిపోయినట్టు, నేను ఒడ్డున బోర్లా పడుకుని తాగుతున్నట్టు.

లేచి నిలబడితే గుడారం కప్పు గిర్రున తిరుగుతోంది. చుట్టూ చీకట్లు కమ్ముతున్నాయి. మీ తమ్ముడు నా అరచెయ్యి చూసి, "ఇదేంటి, సిరా పూసుకున్నావా?" అన్నాడు. గీతలన్నీ నల్లగా ఉన్నాయి. కడిగినా పోలేదు. అద్దంలో చూసుకుంటే చిగుళ్ళ మీద కూడా మచ్చలు, నేరేడుపళ్ళు తిన్నట్టు. అత్తయ్య ఈ ఏడు ఎండ ఎక్కువంది. నోట్లోకి కూడా ఎండొస్తుందా వదినా?

ఇవన్నీ ఫిర్యాదులు కావు. పుట్టేవాళ్ళ కోసం ఏదైనా ఓర్చుకోగలను.

మరీపా

బిష్కెక్, జూలై 19

మా మరదలికి,

చదివా. కొంచెం బెంగ పడ్డా, కొంచెం నవ్వా. నా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు నా మెడ చుట్టూ నల్లగా పట్టేసి, మా ఆయన "స్నానం చెయ్యవే" అనేవాడు. పురుడు కాగానే పోయింది. నీకు చేతికొచ్చింది, చిగుళ్ళకొచ్చింది, ఎవరి తీరు వాళ్ళది. కళ్ళు తిరగడం మామూలే. ఉప్పు మీద మనసు నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది, పట్టుదలగా ఉండు. అమ్మ దగ్గర గారాలు పోయి తెప్పించుకున్నావో, చెవులు మెలేస్తా.

ఇవాళ ఊయల తొట్లు అమ్మే వరస గుండా నడిచి వెళ్ళా. కొనలేదు! పుట్టక ముందు కొనకూడదని నాకు తెలీదూ? ఊరికే ఒకదాన్ని చేత్తో ఊపి చూశా. కొట్టువాడు "ఎవరికమ్మా?" అంటే, "ఎవరికీ కాదు, నీకే, పడుకో" అన్నా.

ఖుబానీలు అయిపోతే చెప్పు.

సాదత్

బిష్కెక్, జూలై 29

మరీపా,

నీ నుంచి జవాబు లేదు. గట్టు మీదకి ఎవరూ రాలేదేమో అనుకున్నా. పొద్దున సాతర్ బజారుకొచ్చి, మీ గుడారం దగ్గర కుక్కలు తప్ప ఎవరూ లేరని, మందని పక్కవాళ్ళు చూస్తున్నారని చెప్పాడు. మధ్యాహ్నం రిస్బెక్ ఫోన్ చేసి, "అక్కా, నారిన్ ఆస్పత్రిలో ఉన్నాం, బతికింది, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాడు. బతికింది అంటే ఏంటి? ఏమైతే బతికింది? బిడ్డ? వీడికి మాట్లాడటం ఎవరు నేర్పార్రా నాయనా.

కొట్టు తొక్తోకన్‌కి అప్పజెప్పి బయల్దేరా. కొచ్‌కోర్ దాటాక బురద వరద వచ్చి రోడ్డు మూసేశారు. సాయంత్రం దాకా బస్సులో కూర్చోబెట్టి వెనక్కి తిప్పారు.

ఒక్క ముక్క రాయి. ఎంత చిన్నదైనా సరే.

వదిన

నారిన్ ఆస్పత్రి, ఆగస్టు 8

వదినా,

కూర్చుని రాస్తున్నా, నా అంతట నేనే కూర్చుని. బతికింది అని తప్ప ఫోన్లో ఇంకేం చెప్పొద్దని, నేనే రాస్తానని మీ తమ్ముడిని ఆపింది నేనే. మొదట కష్టమైన మాట రాసేస్తా, లేకపోతే మిగతాది రాయలేను. బిడ్డ లేదు. పోవడం కాదు, అసలు లేదు. ఎప్పుడూ లేదు. మనమందరం కలిసి ఉందని ఊహించుకున్నాం, అంతే.

ఇప్పుడు జరిగింది చెప్తా. ఆ రోజు వడగళ్ళు పడ్డాయి. గొర్రెలు చెదిరిపోతుంటే అందరూ బయటికి ఉరికారు. నేను లేవబోయి పడ్డాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది గుర్రం మెడ మీద వెంట్రుకల వాసన, అత్తయ్య గొంతు, అంతే. కింద రోడ్డు మీదకి తెచ్చి పికప్ ఎక్కించారట. ఇక్కడికొచ్చేసరికి నాకు బీపీ అందలేదట.

డాక్టర్ ఉల్కన్ అని, పొట్టిగా, బొంగురు గొంతుతో ఉంటుంది, అందరినీ కసురుతుంది. అత్తయ్య "కడుపుతో ఉంది, జాగ్రత్త" అని ఏడుస్తోందట. ఆవిడ నా కింది పెదవి లాగి లోపల చూసింది. అరచేతులు తిప్పి చూసింది. నడుం దగ్గర, చంకల్లో, బట్ట కింద ఎప్పుడూ ఎండ తగలని చోట్లు చూసింది. "ఈ పిల్ల నల్లగా ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది. "జైలో ఎండమ్మా" అంది అత్తయ్య. "ఎండ నోరు తెరుచుకుని మింగిందా? ఏం తింటోంది? ఉప్పడిగిందా?" అంది. అత్తయ్య చెప్పింది. రాయి సంగతి, టీ సంగతి, మానిపించిన సంగతి, బదులు పెట్టిన ఖుబానీల సంగతి. ఖుబానీలు అనేసరికి డాక్టరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందట. ఆ తర్వాత నర్సుల మీద కేకలు. నా చేతికి ఒక సూది, ఒక సీసా.

అత్తయ్య సీసా వంక చూసి, "అందులో ఏముంది?" అని అడిగింది. "ఉప్పునీళ్ళు" అంది డాక్టరు.

అత్తయ్య గోడకి జారబడి కూర్చుండిపోయిందట వదినా. మీ తమ్ముడు చెప్పాడు.

ఉప్పునీళ్ళు, ఆ సూదీ. సూదిలో ఉన్నదాని పేరు హైడ్రోకార్టిసోన్. మధ్యాహ్నం తెచ్చి పడేసిన మనిషిని, సాయంత్రానికి లేచి కూర్చుని మాంసం రసం అడిగాను. అడిగింది నేనేనా అని నాకే అనుమానం. ఆరిపోయిన పొయ్యిలో ఎవరో ఒక్క పుల్ల పెట్టగానే గుడారమంతా వెచ్చబడినట్టు, వేళ్ళ చివర్ల దాకా తెలిసింది.

తర్వాత డాక్టరు మంచం మీద కూర్చుని అంతా చెప్పింది. మన కిడ్నీల మీద ఒక్కోదానికి ఒక్కో టోపీలా చిన్న గ్రంథి ఉంటుందట, అడ్రినల్ అంటారు. చిక్కుడుగింజంత. దానికి పైన తొక్క, లోపల గుజ్జు. తొక్క తయారుచేసేది ఒకటి ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచుతుంది. ఇంకొకటి, కార్టిసాల్ అని, పొద్దున్నే మనిషిని నిద్రలోంచి లేపి నిలబెడుతుంది. జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా తట్టుకునే బలం ఇస్తుంది. లోపలి గుజ్జు తయారుచేసేది అడ్రినలిన్, ఆపదొస్తే గుండెని పరిగెత్తించేది. తోడేలొచ్చినప్పుడు అత్తయ్యని బాణంలా బయటికి విసిరింది ఇవేనట. నన్ను విసరలేకపోయాయి, ఎందుకంటే నావి రెండూ ఎండిపోయాయి. చిన్నప్పుడు నాకు ఊపిరితిత్తుల క్షయ వచ్చి తగ్గింది, మీకు చెప్పాను కదా. అది మొత్తం పోలేదట. మెల్లగా అక్కడ చేరి తినేసింది. దీన్ని అడిసన్ జబ్బంటారు. నెల తప్పడం, వాంతులు, నీరసం, అన్నీ దానివే.

మరి నలుపు? అదే నన్ను నిద్రపోనివ్వట్లేదు వదినా. మెదడు కింద ఇంకో చిన్న గ్రంథి ఉంటుందట. ఆ టోపీలు పని చెయ్యకపోతే అది వాటిని పిలుస్తుంది. పలక్కపోతే ఇంకా గట్టిగా పిలుస్తుంది. ఆ పిలుపు రక్తమంతా తిరిగి చర్మానికి కూడా తగులుతుంది, చర్మం నల్లబడుతుంది. అంటే మీరు బజారులో అందరికీ చూపించి మురిసిపోయిన ఆ రంగు ఎండ కాదు. లోపల ఎవరో నెలల తరబడి వేసిన కేక. ఎవరికీ వినపడలేదు, కనపడింది అంతే.

ఇంక ఉప్పు. ఉప్పు పట్టి ఉంచేది లేక నా ఒంట్లోంచి ఉప్పు కారిపోతూనే ఉంది. డాక్టరు ఏమందో తెలుసా? "నీ నాలిక నాకంటే ముందు కనిపెట్టింది. ఆ రాయి నాకబట్టే జూన్ అంతా బతికి ఉన్నావు" అంది. నాకు పెద్ద చదువు లేదు, నా నాలికకి అసలే లేదు. దానికి ఎవరు చెప్పారు?

ఖుబానీల్లో పొటాషియం అనేది దండిగా ఉంటుందట. మామూలు వాళ్ళకి మంచిదే. ఆ గ్రంథి లేనివాళ్ళకి బయటికి పోక పేరుకుని గుండెని ఆపేస్తుంది. ఇది మీకు చెప్పొద్దంది అత్తయ్య. కానీ మనం చెప్పుకోకుండా దాచుకునే కదా ఇంతదాకా వచ్చింది. అందుకే చెప్తున్నా. మీరు ఏడవొద్దు. మీరు ఏరి పంపినవి నేను ప్రేమగానే తిన్నా.

మీ మరీపా

బిష్కెక్, ఆగస్టు 15

నా తల్లీ,

ఏడవొద్దన్నావు, ఏడ్చాను. అది అయిపోయింది. దాని గురించి రాస్తూ కూర్చుంటే నీకు పనికొచ్చేది ఏదీ రాయలేను. కాబట్టి పని మాటలు.

ఒకటి, నీ మందులు. రిస్బెక్ ఫోన్లో పేర్లు చెప్పాడు. హైడ్రోకార్టిసోన్ బిళ్ళలు ఇక్కడ దొరికాయి. రెండోది, ఆ ఉప్పు పట్టి ఉంచే బిళ్ళ, బిష్కెక్‌లో నేను తిరిగిన ఏ మందుల షాపులోనూ లేదు. "రాదమ్మా, వచ్చినప్పుడు వస్తుంది" అంటారు. వచ్చినప్పుడు వచ్చేదాన్ని నమ్ముకుని మనిషి బతుకుతుందా? నేనిక్కడ ఊరికే కూర్చోలేదు. ఆల్మటీ నుంచి వాల్‌నట్ల కోసం వచ్చే ఆవిడ ఉంది, చాలా గయ్యాళి, నాకు బాగా కావాల్సింది. ఆవిడ చెల్లెలు అక్కడ మందుల షాపులో చేస్తుంది. చీటీ ఫోటో పంపించా, డబ్బాలు వచ్చేశాయి. సాతర్ చేతికి ఇస్తున్నా, గొర్రెల మందులతో కలపొద్దని వాడికి రెండుసార్లు చెప్పా. అవి అయ్యేలోపు ఇంకో విడత నా కొట్లో ఉంటుంది. ఇది నేను బతికున్నంత కాలం నా పని. నువ్వు దాని గురించి ఆలోచించకు.

రెండు, జ్వరమొస్తే బిళ్ళ రెట్టింపు వేసుకోవాలని, వాంతులైతే సూది వేసుకోవాలని డాక్టరు చెప్పిందట. ఆ సూది వెయ్యడం రిస్బెక్ ఒక్కడే నేర్చుకుంటే చాలదు. వాడు మంద వెనక కొండెక్కి కూర్చుంటే? అమ్మకి కూడా నేర్పమను. గొర్రెలకి వేస్తుంది కదా, చెయ్యి వణకదు.

ఇంకో సంగతి. మొన్న పైన కట్టిన చక్కెర బస్తా తెగి నా పక్కనే దభేల్మని పడింది. నేను ఎగిరి గల్లా అవతల ఉన్నా! ఈ మోకాళ్ళతో! తొక్తోకన్ పగలబడి నవ్వింది. నేను మాత్రం నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడిపోయా. గుండె దడదడలాడుతోంది, చేతులు చల్లబడ్డాయి. నువ్వు రాసినవే గుర్తొచ్చాయి. అరవై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి నాకు, నా లోపల ఇద్దరు కాపలావాళ్ళు నిద్రపోకుండా కూర్చున్నారని ఎవరూ చెప్పలేదు. జీతం లేదు, పలకరింపు లేదు. "ఏంటే, నడుం పట్టేసిందా?" అంది తొక్తోకన్. "లేదే, సలాం చెప్తున్నా" అన్నా. దానికి పిచ్చెక్కిందనుకుంది.

ఈ చలికాలం నా దగ్గరికి వచ్చెయ్. ఇక్కడ ఆస్పత్రి దగ్గర, మందుల షాపు దగ్గర. నా మాట విను.

సాదత్

జైలో, సెప్టెంబరు 4

వదినా, సలాం.

బిళ్ళలు చేరాయి. సాతర్ వాటిని చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు, గుండెకి ఆనించుకుని. మీరేం బెదిరించారో గానీ పాపం.

నేను పైకే వచ్చేశా. డాక్టరు ఒప్పుకుంది. "బిళ్ళలు మర్చిపోకపోతే గుర్రం ఎక్కు, కొండ ఎక్కు, నీ ఇష్టం. మర్చిపోతే మళ్ళీ నా మొహమే చూస్తావు" అంది.

మీకొకటి చెప్పాలి. ఆస్పత్రిలో చచ్చిపోతానేమో అని నాకు అంత భయం లేదు. బిడ్డ లేదని అత్తయ్యకి తెలిసిన నిమిషం తల్చుకుంటేనే భయం. ఆ శాలువా, ఆ టీ, నీళ్ళ బకెట్లు, అవన్నీ నావి కావు కదా, రాబోయేవాళ్ళవి కదా అనుకున్నా. గుడారానికి తిరిగొచ్చిన పొద్దున లేచి నేనే బకెట్టు తీసుకుని వాగుకి బయల్దేరా. అత్తయ్య వెనకే వచ్చి లాక్కుంది. "అత్తయ్యా, ఇంక అక్కర్లేదు, నాలో ఎవరూ లేరు" అన్నా.

"నువ్వున్నావు కదా" అంది. అని బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళింది, నన్ను తిట్టుకుంటూ, "దీనికి తెలివి ఎప్పుడొస్తుందో" అని వాగుకి చెప్తూ.

నేను అక్కడే కూర్చుని ఏడ్చా. ఏడవడానికి ఓపిక ఉంది ఇప్పుడు.

నేను బతికొచ్చినందుకు ఒక గొర్రెని కోసి చుట్టుపక్కల గుడారాల వాళ్ళందరికీ పెట్టాం. లోపలి భాగాలు కడిగేది మేమిద్దరమే కదా. కిడ్నీ కొవ్వులోంచి తీస్తుంటే, "అత్తయ్యా, ఆగండి" అన్నా. వేలితో కొవ్వు విడదీసి వెతికా. ఉంది వదినా. డాక్టరు చెప్పినట్టే, చిక్కుడుగింజలా, గోధుమరంగులో. "ఓ, ఇదా! పెళ్ళయినప్పటి నుంచీ కుక్కకి విసిరేది ఇదే" అంది అత్తయ్య. కత్తితో నిలువునా కోశా. చుట్టూ ముదురు తొక్క, మధ్యలో లేత గుజ్జు. ఇంతే. ఇంత దానిలోంచి ఒక గొర్రె తోడేలుని చూసి పరిగెత్తే పరుగంతా వచ్చింది. ఉప్పు కోసం అది రాయి దగ్గరికి నడిచిన నడక కూడా.

అత్తయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ కళ్ళకి అంత చిన్నది ఆనదు, అందుకే వేలితో తడిమి తడిమి చూసింది. "దేవుడు ఇంత పెద్ద పనిని ఇంత చిన్న చోట దాచాడా" అంది. కుక్క తోక ఊపుకుంటూ నిలబడింది. దానికి వెయ్యలేదు. గట్టు కింద, ఎవరి కాలూ పడని చోట చిన్న గొయ్యి తీసి పెట్టి, మట్టి కప్పి, చేతులు తుడుచుకుని, "పద, రసం పొంగుతోంది" అంది.

డాక్టరు ఇంకో మాట కూడా అంది. ఒళ్ళు కుదుటపడి, నెల సరిగ్గా వస్తే, బిళ్ళలు వేసుకుంటూనే బిడ్డని కనొచ్చట. వేరేవాళ్ళు కన్నారట. ఈసారి దాచకుండా రాస్తున్నా. జరిగినా రాస్తా, జరక్కపోయినా రాస్తా.

చలికాలానికి మీ దగ్గరికి రాను వదినా. కోపం తెచ్చుకోకండి. మంద దిగేటప్పుడు నేను కూడా గుర్రం మీద దాని వెంట దిగాలి. నా కాళ్ళు మళ్ళీ నావయ్యాయి. వాటిని కొన్నాళ్ళు ఇక్కడే వాడుకోనివ్వండి.

మీ మరీపా

బిష్కెక్, సెప్టెంబరు 12

మరీపా,

రానంటే కోపం వస్తుందనుకున్నా, రాలేదు. నీ ఉత్తరం తొక్తోకన్‌కి మొత్తం చదివి వినిపించా, ఏదీ దాచకుండా. చిక్కుడుగింజ దగ్గర అది తన కొట్లో గిరాకీని నిలబెట్టేసి, "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివా. బజారులో మా వరస వాళ్ళంతా ఇప్పుడు ఒకళ్ళ చిగుళ్ళు ఒకళ్ళు చూసుకుంటున్నారు. మందులకి కూడా లోటు లేదు, ఇంకో విడత వచ్చింది.

కూర్చుని మన ఉత్తరాలన్నీ మొదటి నుంచీ తిరగేశా. నువ్వు అన్నీ చెప్పావే. నీరసం చెప్పావు, కళ్ళు తిరగడం చెప్పావు, నోట్లో ఎండేంటి వదినా అని అడిగావు. నేను మాత్రం నాకు కావాల్సిన ఒక్క మాట కోసం వెతుక్కుంటూ చదివా. ఇంత దూరం నుంచి అక్షరాలు పట్టుకుని మనిషిని చూశాననుకోవడం ఇంక నావల్ల కాదు. నీ మొహం నా రెండు చేతుల్లో పట్టుకుని, వెలుతురులోకి తిప్పి, నలుపు ఎంత తగ్గిందో నా కళ్ళతో చూడాలి. అరచేతులు చూడాలి. నువ్వు ఒక గిన్నె నిండా రసం తాగుతుంటే ఎదురుగా కూర్చోవాలి. ఆ తర్వాత ఎంత తిట్టాలో అంత తిడతా.

రోడ్డు మీద ఇప్పుడు పికప్‌లే కాదు, బస్సులూ నడుస్తున్నాయి. కొట్టు తొక్తోకన్ చూసుకుంటానంది. మంద కిందకి ఏ రోజు దిగుతుందో అమ్మని అడిగి చెప్పు, దారిలోనే ఎదురొస్తా. చెప్పు పిల్లా, మనం ఎప్పుడు కలుద్దాం?

సాదత్